మోకాళ్ల దాకా తోలు, కింద కంబళి

పౌను గడ్డం సబ్బు రెండు డాలర్లు.

1826 జూలైలో రాకీ పర్వతాల నడుమ కుదిరిన ఒక వ్యాపార ఒప్పందంలోని ధర ఇది. సెయింట్ లూయీ వ్యాపారి విలియం ఆష్లీ తన బీవర్ బొచ్చు వ్యాపారాన్ని జెడెడయా స్మిత్, డేవిడ్ జాక్సన్, విలియం సబ్లెట్ అనే ముగ్గురికి అప్పగించి తాను పక్కకు తప్పుకున్నాడు. మరుసటి ఏడాది కొండల్లోకి ఏ సరుకు ఏ ధరకు చేర్చాలో పట్టీ రాసుకున్నారు. తుపాకి మందు పౌను డాలరున్నర, కాఫీ డాలరుంబావు, మూడు గీతల కంబళి 9 డాలర్లు, బీవర్ బోను 9 డాలర్లు, ఎర్ర బనాతు గజం 6 డాలర్లు. ఆ వరసలోనే, బట్టల సబ్బు పక్కన, గడ్డం సబ్బు.

అప్పుడు అక్కడ బీవర్ బొచ్చు పౌను 3 డాలర్లు పలికేది. అంటే చన్నీళ్లలో దిగి, బోను పెట్టి, పట్టి, ఒలిచి, ఆరబెట్టి, గుర్రం మీద వేసుకొచ్చిన పౌను బొచ్చులో మూడింట రెండు వంతులు ఒక పౌను గడ్డం సబ్బు కింద ట్రాపర్ అనే ఆ బోను వేటగాడు పోసేవాడన్నమాట. కొనేవాడు లేకపోతే వెయ్యి మైళ్ల పైచిలుకు దూరం కంచర గాడిదల మీద సబ్బు మోయించే వ్యాపారి ఎక్కడా ఉండడు.

ఇక మనకు తెలిసిన ట్రాపర్‌ను చూడండి. కాలెండర్లలో, నవలల అట్టల మీద, హాలీవుడ్ సినిమాల్లో ఉండేవాణ్ణి. గుండెల దాకా గడ్డం. తలమీద తోకతో సహా ఒక జంతువు. మెడ నుంచి మడమ దాకా జింకతోలు, దానికి జానెడేసి కుచ్చులు. నూలు పోగు ఒక్కటి ఒంటిమీద కనపడదు. తాను చంపినదాన్ని తానే ఒలుచుకుని తానే తొడుక్కున్నవాడు, కొట్టుతోనూ కుట్టుపనితోనూ పనిలేనివాడు అన్న భావన చూడగానే కలగాలి, కలుగుతుంది.

నాకు బొమ్మలో ముఖం కంటే ముందు బట్ట కనిపిస్తుంది. మాది చీరాల పక్క నేత కుటుంబం. ఇంటికి ఎవరొచ్చినా మా నాన్న ముందు చూసేది వాళ్ల పంచె అంచును, ఆ తర్వాతే వాళ్లను. ఆ గుణం నాకూ అంటింది. న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడల్లా మ్యూజియంలకు తీసుకెళుతుంది. అమెరికా పడమటి సీమ బొమ్మల ముందు నిలబడి, ఈ చొక్కా కుట్టిందెవరు, ఈ తోలు తడిస్తే ఏమవుతుంది, ఈ ఎరుపు ఏ ఊరి అద్దకం అని ఆలోచిస్తుంటే, “పద నాన్నా, ఇంకా నాలుగు గదులున్నాయి” అని చెయ్యి పట్టుకుని లాగుతుంది. అలా నిలబడి నిలబడి, ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేసి తిరగేసి, నాకొక అభిప్రాయం ఏర్పడింది. ఆ బొమ్మల్లో తప్పులు గుండీల్లోనో బూట్లలోనో ఉన్నాయని చరిత్రకారులు పట్టుకుంటారు. అవి చిన్నవి. ఆ బట్టల వెనక ఉన్న మనుషుల్ని బొమ్మ లోంచి తీసేయడం పెద్ద తప్పు. అది బట్టలన్నీ సరిగ్గా వేసి కూడా చేయవచ్చు.

ముందు కాలం సంగతి. కొండల్లో ట్రాపర్ల వైభవమంతా కలిపి ఇరవై ఏళ్లు నిండలేదు. మిస్సోరి నది ఎగువకు వెళ్లడానికి ఉత్సాహవంతులైన యువకులు 100 మంది కావాలని 1822 ఫిబ్రవరిలో ఆష్లీ పత్రికలో ప్రకటన ఇచ్చాడు. 1825 నుంచి 1840 దాకా వేసవుల్లో, కొండల మధ్య ముందే అనుకున్న ఒక లోయలో, రాండెవూ అనే సంత జరిగేది. ట్రాపర్లు బొచ్చు తెచ్చేవారు, కంపెనీలు సరుకు తెచ్చేవి, మధ్యలో సారా ఏరులై పారేది. ఆ బొచ్చు చివరికి చేరేది టోపీలవాళ్ల దగ్గరికి. బీవర్ తోలు మీద ముతక వెంట్రుకల అడుగున మెత్తటి నూగు ఉంటుంది. దాన్ని ఒత్తి ఫెల్ట్ చేసి పెద్దమనుషుల టోపీలు తయారుచేసేవారు. అవతల పట్టు టోపీల మోజు పెరిగింది, ఇవతల వాగుల్లో బీవర్లు తరిగిపోయాయి. 1840లో ఆఖరి సంత జరిగింది. డాగేర్ తన ఫొటో పద్ధతిని పారిస్‌లో లోకానికి వెల్లడించింది 1839లో. అటూ ఇటూ ఒక్క ఏడాది తేడా! రాకీ కొండల సంతకు ఫొటో లేకుండా పోయింది. మనకు మిగిలినవి బొమ్మలు, డైరీలు, కొట్టు పద్దులు. మూడింటికీ ఒకదానితో ఒకటి పొసగదు.

డైరీల్లో నాకు బాగా నచ్చినది ఆజ్‌బోర్న్ రసెల్‌ది. మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చి 1834 నుంచి 1843 దాకా ఆ కొండల్లో గడిపినవాడు. ట్రాపర్ వేషం ఎలా ఉంటుందో ఒకచోట తీరిగ్గా రాశాడు. చొక్కా ఫ్లానెల్‌దో నూలుదో, అదీ అదృష్టం ఉండి దొరికితే. దొరక్కపోతేనే జింక జాతి తోలు. లాగు తోలుది. కాళ్లకు కంబళితోనో, పొగ పట్టిన దున్న తోలుతోనో చేసిన తొడుగులు. పైన కంబళి కోటు. తలకు ఉన్ని టోపీ గానీ తోలు టోపీ గానీ. మేజోళ్లు లేవు, కంబళి పేలికలు పాదాలకు చుట్టుకుని వాటి మీద మొకాసిన్లు అనే మెత్తటి తోలు జోళ్లు. అతని మాటల్లో బట్టకే మొదటి తాంబూలం. తోలు గతిలేనప్పుడు వచ్చే రెండో దారి. బొమ్మల్లో ఈ వరస తలకిందులైంది.

కాళ్లకు కంబళి ఎందుకన్నది తెలియాలంటే ఆ పని తెలియాలి. బీవర్ బోను గట్టుమీద పెట్టేది కాదు. ఒడ్డు దగ్గర జానెడు లోతు కూడా లేని నీళ్లలో పెట్టి, దాని గొలుసును లోతు వైపు లాగి గుంజకు బిగిస్తారు. పైన ఒక పుల్లకు బీవర్ గ్రంథుల నుంచి తీసిన ఘాటైన ద్రవం రాస్తారు. ఆ వాసనకు వచ్చిన బీవర్ బోనులో కాలు పెట్టి, బెదిరి లోతుకు ఉరికి, బరువుకు పైకి రాలేక మునిగి చస్తుంది. మనిషి వాసన ఒడ్డున మిగిలితే అది రాదు కనుక ట్రాపర్ వాగులో దిగి, వాగులోనే నడిచి, బోను పెట్టి, వాగులోనే తిరిగొస్తాడు. బొచ్చు ఒత్తుగా ఉండేది చలి పట్టే ముందూ, చలి వదిలే వేళా. అంటే ఏటి నీళ్లు ఎముకలు కొరికే రోజుల్లో పొద్దునా సాయంత్రం మోకాలి లోతు నీళ్లలో పని.

జింకతోలు పొడిగా ఉన్నంతసేపే సుఖం. తడిస్తే బరువెక్కి సాగుతుంది, చల్లగా ఒంటికి అతుక్కుంటుంది. ఆరితే బిగుసుకుని అట్ట కడుతుంది. అలాంటి లాగుతో వాగులో దిగినవాడు రాత్రి నిప్పు పక్కన కూర్చుంటే కాళ్లను ఎవరో పిండుతున్నట్టే ఉంటుంది. ఉన్నికి ఆ బాధ లేదు. తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది, ఆరినా ఆకారం చెడదు. అందుకని తోలు లాగును మోకాళ్ల దగ్గర కోసేసి అక్కడి నుంచి కంబళి అతికేవారు. లేదంటే ఏళ్లకేళ్లు పొగ తాగిన పాత గుడారం తోలు వాడేవారు, అది తడిసినా ముడుచుకోదు. ట్రాపర్ దుస్తుల్లో ఇంతకంటే తెలివైన అతుకు లేదు. బొమ్మలకు అది రుచించలేదు. వీరుడి కాళ్లకు అతుకేమిటి?

ఇక ఆ తోలు సంగతి. జింకను ఒలిచి ఎండబెడితే చొక్కా అయిపోదు, పచ్చితోలు చెక్కలా గట్టిపడుతుంది. లోపలి పొర గీకాలి, పైన వెంట్రుకలు గీకాలి. ఆ జంతువు మెదడే నూరి తోలంతా పట్టించాలి. తర్వాత పిండడం, లాగడం, సాగదీయడం, తడి పూర్తిగా ఆరిందాకా చెయ్యి ఆపకూడదు. ఆపినచోట గట్టిపడుతుంది. మెత్తబడ్డాక సంచిలా కుట్టి, పుచ్చిన కట్టె మంట లేకుండా రాజేసి, ఆ పొగ మీద వేలాడదీయాలి. పొగ పట్టిన తోలే తడిసి ఆరాక మళ్లీ మెత్తగా వస్తుంది. బొమ్మల్లో కనిపించే ఆ తేనెరంగు పొగ రంగే. చొక్కాకు ఇలాంటి తోళ్లు రెండు మూడు కావాలి. ఆ తర్వాత నరం దారంతో కుట్టడం, పూసలు తాపడం.

ఈ పని చేసింది షొషోనీ, ఫ్లాట్‌హెడ్, నే పెర్స్, క్రో అనే దేశవాళీ జాతుల ఆడవాళ్లు. ట్రాపర్ల భార్యలు. మగవాడు బోనుల వెంట తిరుగుతుంటే బీవర్ తోళ్లు గీకి ఆరబెట్టింది కూడా చాలాచోట్ల వాళ్లే. కొద్ది వారాలకే అరిగిపోయే మొకాసిన్లకు కొత్తవి కుట్టిందీ వాళ్లే. కాబట్టి ట్రాపర్ ఒంటిమీది బట్ట రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి సెయింట్ లూయీ గిడ్డంగి, రెండోది గుడారంలో ఆడమనిషి చెయ్యి. బొమ్మ మాత్రం ఈ రెండూ దాచి అడవిని చూపిస్తుంది, అతన్ని అడవే కని, అడవే బట్ట కట్టినట్టు.

చిత్రకారుల్లో ఆ సంతను కళ్లారా చూసినవాడు ఒక్కడే, బాల్టిమోర్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ జేకబ్ మిల్లర్. విలియం డ్రమండ్ స్టూవర్ట్ అనే స్కాట్లండ్ జమీందారీ కుటుంబీకుడు తన పడమటి వేట యాత్రను బొమ్మలుగా వేయించుకోవడానికి అతన్ని వెంటబెట్టుకుపోయాడు. 1837లో గ్రీన్ నది ఒడ్డున జరిగిన సంత మిల్లర్ చూశాడు. అప్పటికి అతనికి 27 ఏళ్లు, పారిస్‌లో చదువుకుని వచ్చినవాడు. అక్కడికక్కడ గబగబా వేసిన నీటిరంగుల చిత్తుబొమ్మల్లో నలిగిన చొక్కాలు, వంగిపోయిన టోపీ అంచులు, కంబళి కోట్లు, గడ్డాలున్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ ఉంటారు. తర్వాత స్టూవర్ట్ కోట గోడలకు పెద్ద తైలవర్ణాలు వేశాడు. ఆ తర్వాత 1858లో బాల్టిమోర్ వ్యాపారి విలియం వాల్టర్స్ ఒక్కోటి 12 డాలర్ల లెక్కన 200 నీటిరంగు బొమ్మలు అడిగితే పాత చిత్తుబొమ్మలు ముందేసుకుని మళ్లీ వేశాడు. చూసిన ఇరవై ఏళ్ల తర్వాత, ఇంట్లో కూర్చుని! వేసిన ప్రతిసారీ మనుషులు కాస్త నాజూకైపోయారు, కొండలు కాస్త మబ్బులోకి జరిగాయి.

అతని బొమ్మల్లో జనం ఎక్కువగా అడిగి వేయించుకున్నది ‘ట్రాపర్స్ బ్రైడ్’. తోలు బట్టల ట్రాపర్, తెల్లటి తోలు గౌనులో సిగ్గుపడుతున్న పిల్ల, మధ్యలో ఆమె తండ్రి. దాని గురించి మిల్లర్ రాసిపెట్టిన మాటలు బొమ్మకంటే ఎక్కువ చెబుతాయి. ఆ పిల్లకు ట్రాపర్ ఇచ్చిన వెల 600 డాలర్లట, అదీ సరుకు రూపంలో. తుపాకి 100, కంబళి 40, ఎర్ర ఫ్లానెల్ గజం 20, సారా గ్యాలన్ 64 డాలర్ల చొప్పున. సంత ధరలు అలా మండేవి. కంపెనీ కూలికి కుదిరిన ట్రాపర్‌కు ఏడాది జీతం 200 డాలర్ల చుట్టుపక్కల ఉన్న కాలమది. కన్యాశుల్కం లెక్కలు విని పెరిగిన జాతి మనది కనుక ఇందులో మనకు వింత లేదు. కానీ ఆ లెక్క ఎదురుగా పెట్టుకుని బొమ్మ చూస్తే ఇంకొకటి తోస్తుంది. వెల ఇచ్చి అతను తెచ్చుకున్నది పెళ్లాన్ని మాత్రమే కాదు, ఒక దర్జీని, తోలు పదును చేసే పనిమంతురాలిని కూడా. పెళ్లిరోజు వేసుకున్న తోలు చొక్కా అప్పటికే మరో ఆడమనిషి కుట్టినదై ఉంటుంది.

మిల్లర్ దగ్గర నాకు మహా ఇష్టమైన చిత్తుబొమ్మ ఇంకొకటుంది. స్టూవర్ట్ ఆ 1837 సంతలో తన మిత్రుడు జిమ్ బ్రిడ్జర్‌కు కానుకగా ఇంగ్లండ్ నుంచి ఉక్కు కవచం తెప్పించి ఇచ్చాడు. ట్రాపర్లలో పేరుమోసిన ఆ బ్రిడ్జర్, రాకీ కొండల నడుమ, మధ్యయుగపు వీరుడిలా కవచం బిగించి గుర్రమెక్కి సంతంతా తిరిగాడు. మిల్లర్ బొమ్మ గీశాడు. చరిత్ర తెలియనివాడికి ఆ బొమ్మ, దాని పక్కన కుచ్చుల తోలు చొక్కా బొమ్మ చూపించి ఏది కట్టుకథ అని అడగండి. కవచానికే వేలు పెడతాడు. చూడని చిత్రకారుడికి ఆ కవచం కలలోకి కూడా రాదు. చూసినవాడికే రాగలదు.

చూడనివాళ్లు తక్కువేం కాదు. విలియం రానీ అనే ఆయన 1836లో టెక్సస్ దాకా వెళ్లొచ్చాడు గానీ ట్రాపర్ల కొండలు ఎక్కలేదు. 1850లో ‘ట్రాపర్స్ లాస్ట్ షాట్’ వేశాడు. ఆయన చిత్రశాల న్యూజెర్సీలో వెస్ట్ హోబోకెన్‌లో ఉండేది. ఇప్పటి యూనియన్ సిటీ అన్నమాట, మన తెలుగువాళ్లు కిటకిటలాడే జెర్సీ సిటీకి కూతవేటు దూరం. తుపాకులు, జీనులు, తోలు దుస్తులతో ఆ గది నిండిపోయి, లోపల కాలుపెట్టినవాళ్లకు పడమటి సీమ గుడిసెలోకి వచ్చినట్టుండేదట. ఆర్థర్ టేట్ మరీ నయం. 1850లో ఇంగ్లండ్ నుంచి న్యూయార్క్ వచ్చి, పడమటి మైదానాల ముఖమైనా చూడకుండా ట్రాపర్ల బొమ్మలు వేశాడు. రానీ సేకరించిన సామాను అతనికీ అక్కరకొచ్చింది. అతని బొమ్మల్ని కరియర్ అండ్ ఐవ్స్ అచ్చువేసి ఊరూరా అమ్మింది. కొన్న ఇళ్లవాళ్లకు ట్రాపర్ అంటే గోడమీద వేలాడే ఆ మనిషే.

ఈ చిత్రకారులు వేసిన బట్టలు అబద్ధమా? కాదు, అదే తమాషా. తోలు నిజం, పూసలు నిజం, తుపాకి నిజం. కానీ దారిలో పదిచోట్ల నుంచి పోగైన సామాను ఒకే మనిషికి ఒకేసారి తొడిగారు. ఫ్రెడరిక్ రెమింగ్టన్ దగ్గరికి వచ్చేసరికి ఇది ముదిరింది. 1861లో పుట్టినవాడు, అంటే ఆఖరి సంత ముగిసిన ఇరవై ఒక్క ఏళ్లకు. 1880ల నుంచి పడమటి సీమ తిరిగి దొరికిన దుస్తులన్నీ కొని న్యూ రోషెల్ చిత్రశాలలో పేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ గదిని వయోమింగ్‌లోని కోడీ మ్యూజియంలో మళ్లీ అమర్చి చూపిస్తున్నారు. యాభై ఏళ్ల తర్వాతి వస్తువులను ముందు పెట్టుకుని యాభై ఏళ్ల ముందు మనిషిని వేశాడు. గడ్డాలూ అంతే. అమెరికాలో మగవాళ్లకు నిండు గడ్డం మోజు పట్టింది 1850లలో. లింకనే 1860 చివర్లో పెంచాడు. తాతల కాలపు గడ్డాన్ని ముత్తాతల ముఖాలకు అంటించారు.

మనం వాళ్లను చూసి నవ్వడానికి లేదు. రవివర్మ దమయంతికి, సరస్వతికి చీర కట్టాక, ఆ బొమ్మలు అచ్చులో మన పూజగదులకు వచ్చాక, ఇంకో దుస్తుల్లో వాళ్లను ఊహించగలమా? ఆపైన 1957లో ‘మాయాబజార్’ వచ్చి కృష్ణుడి కిరీటం ఎంత ఎత్తుండాలో తేల్చేసింది. తేడా ఒకటే. కృష్ణుడి కొట్టు పద్దు మనకు దొరకలేదు.

పద్దుకు దగ్గరగా వచ్చిన బొమ్మ నేను చూసినవాటిలో ఒకటుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, జార్జ్ కేలబ్ బింగమ్ 1845లో వేసిన ‘ఫర్ ట్రేడర్స్ డిసెండింగ్ ద మిస్సోరి’. పొద్దుటి మంచులో నది, దానిమీద పడవ. వెనక తెడ్డు వేస్తున్న ముసలాయన నోట్లో పైపు, ఒంటిమీద చారల చొక్కా, తలమీద కోసుదేరిన టోపీ. మధ్యలో మూట మీద వాలిన కుర్రాడికి నీలం చొక్కా. ముందు భాగాన గొలుసుతో కట్టేసిన చిన్న నల్ల జంతువు. ఇద్దరిదీ బట్టే. మరీ ఉతికి ఇస్త్రీ చేసినట్టున్నాయి, అది వేరే సంగతి. మిస్సోరి నది పెరట్లో పెరిగినవాడు కనుక బింగమ్‌కు పడవ మనుషులు ఏం తొడుగుతారో తెలుసు. బొమ్మకు అతను పెట్టిన పేరులో, ఒక ఫ్రెంచి వర్తకుడు, దేశవాళీ తల్లికి పుట్టిన అతని కొడుకు అన్న సంగతి ఉంది. బొమ్మను కొన్న అమెరికన్ ఆర్ట్ యూనియన్ ఆ పేరు తీసి ఇప్పుడున్న పేరు తగిలించింది. చొక్కాలు అలాగే ఉన్నాయి, ఆ పిల్లవాడి తల్లి మాత్రం పేరులోంచి కూడా వెళ్లిపోయింది.

ఆ బొమ్మ ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. చారలు, గళ్లు చూస్తే మా ఇంటివాళ్లెవరికైనా కాలు కదలదు. బొచ్చు వ్యాపారం సరుకు జాబితాల్లో ‘మద్రాసు రుమాళ్లు’ అన్న మాట తగులుతూనే ఉంటుంది. మా చీరాల, వేటపాలెం మగ్గాల మీద నేసిన గళ్ల రుమాళ్లు ఆ పేరుతోనే ఓడలెక్కి పశ్చిమ ఆఫ్రికా దాకా పోయేవి. రాకీ కొండల్లో ట్రాపర్ మెడకు చుట్టుకున్నది మా తాతల నేత అని చెప్పుకోవడానికి నాలుక దురద పెడుతుంది. కానీ పొంగిపోవడానికి లేదు. 1785 ప్రాంతం నుంచే గ్లాస్గో మగ్గాల మీద మన రుమాళ్లకు నకళ్లు నేయడం మొదలైంది. పులికాట్ పేరు మీదుగా వాటికి పులికేట్లు అని పేరు కూడా పెట్టుకున్నారు. పద్దులో పేరు మద్రాసుది, మగ్గం స్కాట్లండ్‌ది కావచ్చు. పద్దును కూడా అనుమానంతోనే చదవాలి.

సినిమాల వాళ్లు ఈ మధ్య శ్రద్ధ పెంచారు, ఒప్పుకోవాలి. 2015లో వచ్చిన ‘ద రెవనెంట్’లో జాక్వెలిన్ వెస్ట్ చేయించిన దుస్తులు చూస్తే ముచ్చటేస్తుంది. జిడ్డు, మసి, నెత్తురు, తడి, అన్నీ ఉన్నాయి. బట్ట కూడా ఉంది, తోలు ఒక్కటే కాదు. కానీ ఆ సినిమా కథానాయకుడైన హ్యూ గ్లాస్ అనే ట్రాపర్ మీద నిజంగా ఎలుగుబంటి పడింది 1823 ఆగస్టులో, ఇప్పటి దక్షిణ డకోటా గడ్డి మైదానాల్లో. ఎండాకాలం. సినిమా చాలావరకు మంచులో నడిచింది కనుక ఎలుగు తోలు అంగీకి అంత ప్రాముఖ్యం వచ్చింది. ప్రతి కుట్టూ సరిగ్గా ఉండి ఋతువు మారిపోతే దాన్ని ఏమనాలి? 1950లలో డేవీ క్రాకెట్ అనే అడవి వీరుడి పేరు చెప్పి డిస్నీ వాళ్లు పిల్లలందరి నెత్తిన రకూన్ తోక టోపీ పెట్టారే, దానికంటే నయమని మాత్రం అంటాను. ఆ టోపీ వంశవృక్షం నాటకాల్లోకి పోతుంది. 1831లో జేమ్స్ హ్యాకెట్ అనే నటుడు ‘లయన్ ఆఫ్ ద వెస్ట్’ నాటకంలో అడవిపిల్లి తోలు టోపీతో రంగం మీదికి వచ్చాడు. జనం ఆ పాత్రలో క్రాకెట్‌నే చూసుకున్నారు. ఆ తర్వాత టోపీ దిగలేదు.

రెమింగ్టన్ దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే అతని మీద పూర్తిగా నేరం మోపడం న్యాయం కాదు. 1903లో ‘మౌంటెన్ మ్యాన్’ అనే కంచు విగ్రహం చేశాడు. నిట్టనిలువు వాలు మీద వెనక్కి వాలిపోయి గుర్రాన్ని దింపుతున్న మనిషి, బోనులు, తుపాకి, తోలు కుచ్చులు. పుస్తకాల్లో, పోస్టుకార్డుల మీద, చివరికి వైట్‌హౌస్ గదుల్లో కూడా రెమింగ్టన్ కంచు గుర్రాలు తిరిగాయి. అందులో ఈ దిగుతున్న మనిషిని చూసినవాళ్లు తెల్ల కొండమనిషి అనుకుంటారు. బొచ్చు కంపెనీల వెంట రాకీ కొండలకు వెళ్లిన ఇరాక్వా అనే దేశవాళీ జాతి ట్రాపర్లలో ఒకణ్ణి చేశానని రెమింగ్టనే చెప్పాడు. నిజమే, మాంట్రియల్ దగ్గరి ఇరాక్వాలు కెనడా కంపెనీల కూలికి ఆ కొండల దాకా వెళ్లారు, అక్కడే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. చేసినవాడు చెప్పినా చూసేవాళ్లు వినలేదు. ఆ దుస్తుల్లో ఎవరుండాలో వాళ్లకు ముందే తెలుసు.

జేమ్స్ బెక్‌వర్త్ గతి ఇంకా విచిత్రం. వర్జీనియాలో బానిస తల్లికి పుట్టిన నల్ల మనిషి. ఆష్లీ దళంతో కొండలెక్కి, క్రో జాతి వాళ్లలో ఏళ్ల తరబడి బతికి, 1856లో తన జీవితకథ పుస్తకంగా వేయించుకున్నవాడు. సియెర్రా నెవాడాలో ఒక కనుమకు ఇప్పటికీ ఆయన పేరే. 1951లో హాలీవుడ్ ‘టోమహాక్’ అనే సినిమా తీసి, ఆయన మీద అల్లిన పాత్రను జాక్ ఓకీ అనే తెల్ల నటుడికి ఇచ్చింది. ఆ సినిమాకు బట్టలు చూసినవాళ్లు కుచ్చులు ఎన్ని అంగుళాలుండాలని ఎంతసేపు వాదించుకున్నారో!